పాత గోడల అదురు లెక్క

నా పని పాత ఇళ్ల అదురు కొలవడం. డంగు సున్నంతో కట్టిన గోడకు సెన్సర్ ఆనించి, గల్లీలో లారీ పోతే అది ఎంత కదిలిందో రాసివ్వాలి. హైదరాబాద్ పాతబస్తీ మెట్రో లైనుకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగాక షాలిబండ, దారుల్‌షిఫా వైపు నుంచి నన్ను పిలిచేవాళ్లు పెరిగారు.

ఎక్సెల్ చాలదా అంటారు. సెకనుకు 200 కొలతలు తీస్తే ఎక్సెల్ షీట్‌లోని 10,48,576 వరుసలు గంటన్నర లోపే నిండిపోతాయి. రంజాన్ నెలలోనైతే చార్మినార్ చుట్టుపక్కల సహరీ దాకా బజారే. పోల్చుకోవడానికి సద్దుమణిగిన గంట ఒకటి దొరకాలంటే రోజుల తరబడి రికార్డు చేయాలి.

ఉచిత సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లడానికి ధర ఒక కారణం. పెద్ద కారణం తగాదా. నా రిపోర్టును ఇంటాయన ఇంజనీరు, కాంట్రాక్టరు ఇంజనీరు ఇద్దరూ తవ్వి చూస్తారు. ఏ ఫిల్టర్ వాడావంటే స్క్రిప్టు చేతిలో పెట్టాలి, వాళ్ల కంప్యూటర్లోనూ అదే లెక్క రావాలి.

ఆడాసిటీతో చూసేవాళ్లూ ఉన్నారు. శబ్దాల కోసం పుట్టిన ఆ ప్రోగ్రాం అలను చక్కగానే చూపిస్తుంది గానీ డెసిబెల్స్‌లో మాట్లాడుతుంది. నాకు కావాల్సింది సెకనుకు ఎన్ని మిల్లీమీటర్లన్నది. జర్మన్ ప్రమాణం డిఐఎన్ 4150-3లో సున్నితమైన పాత కట్టడాలకు, పునాది దగ్గర, 10 హెర్ట్జ్ లోపు హద్దు 3 మిల్లీమీటర్లే.

చివరికి మిగిలినవి గ్నూ ఆక్టేవ్, పైథాన్‌లోని సైపై. మాట్‌ల్యాబ్ చదివి వచ్చిన ఇంజనీరింగ్ పిల్లలకు ఆక్టేవ్‌లో చేయి త్వరగా తిరుగుతుంది. అయితే ఒకే ఫైలును రెండింట్లోనూ వేయండి, స్పెక్ట్రమ్‌లు కలవవు. తప్పు రెండింటిదీ కాదు. వెల్చ్ పద్ధతి సిగ్నల్‌ను ముక్కలు చేసి సగటు తీస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే సైపై 256 కొలతల ముక్క, దాని అంచులను సున్నా వైపు తగ్గించే హాన్ విండో తీసుకుంటుంది. ఆక్టేవ్ హామింగ్ విండో పెట్టి, ముక్క పొడవును డేటా పొడవును బట్టి తేలుస్తుంది. సెకనుకు 200 తీసే మన సెన్సర్‌కు 256 అంటే గీతకూ గీతకూ మధ్య 0.78 హెర్ట్జ్. కొద్ది హెర్ట్జ్‌ల దగ్గర ఊగే ఇంటికి అది మోటు కొలత. 4096 పెడితే 0.05కు దిగుతుంది.

నేను సైపై మీద కట్టిన ఆబ్స్‌పై దగ్గర స్థిరపడ్డాను. భూకంపాల వాళ్ల కోసం తయారైంది కాబట్టి భూకంప రికార్డులు దాచే మినీసీడ్ ఫైళ్లను నేరుగా చదువుతుంది, ప్రతి కొలతకూ దాని సమయం ఉంటుంది. సెన్సర్ కొలతలను దాచే లాగర్ సమయాన్ని యూటీసీలో రాస్తుంది గదా, రాత్రి 11కి పోయిన నీళ్ల ట్యాంకరు ఫైల్లో సాయంత్రం 5.30కి కనిపిస్తుంది. చేయి అలవాటు కావాలంటే ఉప్పల్ రోడ్డు ఎన్‌జీఆర్‌ఐలో ఫ్రాన్స్ జియోస్కోప్ వ్యవస్థకు చెందిన హెచ్‌వైబీ కేంద్రం ఉంది, దాని రికార్డులు దించుకోవచ్చు.

అంతకన్నా ముందు, కొత్తగా చేరిన కుర్రాళ్ల చేత 5 హెర్ట్జ్ సైన్ అలను తయారుచేయించి స్క్రిప్టులోకి పంపిస్తాను. శిఖరం 5 దగ్గరే రావాలి, ఎత్తు పెట్టినంతే రావాలి. సరిగ్గా సగం వచ్చిందంటే హాన్ విండోకు సవరణ వేయలేదన్నమాట.