ఓటీపీ రాని రిటర్ను

'పన్నే లేనప్పుడు రిటర్ను ఎందుకండీ?' తెనాలిలో ఓ రిటైర్డ్ మాస్టారి ప్రశ్న ఇది. పింఛనుదార్లు చాలామంది అడిగేదే. 2024 జులైలో ఆయనకి జవాబు బ్యాంకులో దొరికింది. 15 లక్షల డిపాజిట్‌ మీద వచ్చిన 1,05,000 వడ్డీలో 10,500 టీడీఎస్‌ కింద కోసేశారు. ముందే 15హెచ్‌ ఫారం ఇచ్చుంటే ఆ కోత ఉండేది కాదు. భార్యని ఆసుపత్రుల చుట్టూ తిప్పే హడావుడిలో ఆ సంగతే మర్చిపోయారాయన. పింఛనూ వడ్డీ కలిపినా ఆదాయం 5.61 లక్షలే. కొత్త విధానంలో ఆ ఏడాది 7 లక్షల దాకా పన్ను పడదు. కానీ 3 లక్షలు దాటితే రిటర్ను మాత్రం వేయాల్సిందే. వేయందే కోసిన డబ్బూ వెనక్కి రాదు.

జులై 12న ఇంటర్నెట్‌ సెంటర్లో వేయించారు. పనైపోయిందనుకున్నారు. కాలేదు! 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయకపోతే అది వేసినట్టే కాదు. ఆ తర్వాత చేస్తే, ఆదాయం 5 లక్షలు మించింది కాబట్టి 5,000 ఆలస్య రుసుము. అంటే వచ్చేదాంట్లో దాదాపు సగం! ఆధార్‌కి ఉన్నదేమో కొడుకు పాత నంబరు. అబ్బాయి డాలస్‌ వెళ్లాక ఆ సిమ్ము మూలపడింది. పదివేల కోసం వాడి దగ్గర నోరు తెరవడం మాస్టారికి ఇష్టంలేదు.

ఆగస్టు 8న పక్కింటి గుమాస్తా దారి చెప్పాడు. ఆధారే అక్కర్లేదు, బ్యాంకు ఖాతాతోనూ వెరిఫై చేయొచ్చట. పింఛను పడినట్టు మెసేజ్‌ వచ్చే ఫోనుకే కోడ్‌ వచ్చింది. నెల తిరక్కుండా 10,500, పైన కాస్త వడ్డీ జమయ్యాయి.

ఆ ఆదివారం కొడుకు ఫోన్‌ చేస్తే 'అమ్మకి మందులు తెచ్చానురా' అన్నారు. రిటర్ను మాట ఎత్తలేదు.