సంచిలోకి వచ్చిన ఇంగ్లీషు



"నాకు ఇంగ్లీషు రాదండీ" అనే ఇల్లాలిని ఒక్కసారి ద్రాక్షారామం సెంటరుకు పంపి, ఆమె తిరిగి వచ్చాక ఏం చెబుతుందో వినండి. "షాపులో రష్‌గా ఉందండి. నూనె రేటు మళ్ళీ పెంచేశారు. కిలో ప్యాకెట్ తీసుకుని బిల్లు కట్టి వచ్చాను. చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టాడు." ఈ నాలుగు మాటల్లో షాపు, రష్, రేటు, కిలో, ప్యాకెట్, బిల్లు, చాక్లెట్ అనేవి ఇంగ్లీషు నుండి వచ్చినవే. రాదనుకుంటూనే రోజూ మాట్లాడుతున్నాము. అయితే నోటికి వచ్చిన ఈ ఇంగ్లీషు వేరు, ప్యాకెట్ మీద అచ్చయ్యే ఇంగ్లీషు వేరు. ఆ రెండవ దానిని గూర్చి మీతో కొంచెం మాట్లాడాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పరాయి మాట బజారులో నుండి ఇంట్లోకి రావడం ఈనాటి సంగతి కాదు. దుకాణం, ఖరీదు, రసీదు అనేవి అరబ్బీ, పారశీక భాషల నుండి వచ్చినవి. చొక్కా బొత్తాము, బట్టలు పెట్టుకునే అలమార పోర్చుగీసు వారి నుండి వచ్చాయి. రాజమండ్రిలో కూడా ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ దొర, తెలుగులో కలిసిపోయిన ఇటువంటి మాటల కోసం 1854లో వేరుగా ఒక నిఘంటువునే అచ్చు వేయించారు. అప్పటికే మన సంతలో అన్ని మాటలు చేరిపోయి ఉన్నాయన్న మాట.

మనం పుచ్చుకోవడమే కాదు, ఇచ్చాము కూడా. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీ వారు బట్టల వ్యాపారం పెట్టారు. అక్కడ నేసిన మెత్తని నూలుబట్టకు ఆ ఊరి పేరే పడి, ఇంగ్లీషులో అది 'మడపొల్లం' అయింది. నేటికీ ఇంగ్లీషు నిఘంటువులో ఆ మాట కనిపిస్తుంది. మనకు దగ్గరలోనే ఉన్న ఇంజరంలో కూడా కంపెనీ వారు బట్టలు కొనేవారు. రూపాయి ప్యాకెట్‌లో వచ్చే శాంపూ సంగతి చూడండి. తల మర్దన చేయడాన్ని చెప్పే మన దేశపు మాటే సముద్రాలు దాటి వెళ్ళి, ఆ ప్యాకెట్‌తో పాటు తిరిగి వచ్చింది. కాబట్టి మాట పరాయిదని బెదిరిపోనక్కరలేదు. దాని అర్థం తెలుసుకుంటే చాలు.

మా అమ్మ రోజుల్లో బియ్యం కొలవడానికి గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం ఉండేవి. బెల్లం, చింతపండు వీశల లెక్కన తూచేవారు. డబ్బులు అణాలు, బేడలు, కానీలు. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి నూరు పైసలు అయ్యాయి. ఆ తరువాత కొద్ది సంవత్సరాల్లో కిలోలు, లీటర్లు వచ్చాయి. పెద్దవాళ్ళు ఎంత ఇబ్బంది పడ్డారో! కిలో అంటే ఎంత అని అడిగితే, వీశలో మూడు వంతులకు కొంచెం తక్కువ అని లెక్క చెప్పుకునేవారు. అయినా నేర్చుకున్నారు. వీశలు తెలిసిన ఆ తరం కిలోలు నేర్చుకోగా లేనిది, మనం ప్యాకెట్ మీది నాలుగు మాటలు నేర్చుకోలేమా?

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఆ రోజుల్లో తూకం మన కళ్ళ ఎదుటే జరిగేది. త్రాసు ముల్లు మనమే చూసేవాళ్ళం. న్యాయమైన త్రాసును గూర్చి సామెతల గ్రంథం ఎంతగా చెప్పిందో మీకు తెలుసు. ఇప్పుడు త్రాసు మన ఎదుట లేదు. తూకమూ, ధరా, సరుకు వయస్సూ ఎక్కడో కంపెనీలోనే తేలిపోయి, చిన్న అక్షరాల్లో అట్ట మీదికి వస్తున్నాయి. ప్యాక్ చేసిన సరుకులకు 2011 నుండి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం ఆ వివరాలు హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉంటే చాలు. తెలుగులో కూడా వేయవచ్చు గాని, వేయాలనే బలవంతం లేదు. అంటే ఆ ఇంగ్లీషు చదవలేని ఇల్లాలు త్రాసు ముల్లు కనబడని కొనుగోలుదారు అన్నట్టే.

మా వీధిలో ఒకామె ఉన్నారు. ఐదవ తరగతి వరకే చదువుకున్నారు. మన గోదావరి జిల్లాల నుండి ఎందరో ఆడవాళ్ళు ఇంటిపని కోసం గల్ఫ్ దేశాలకు వెళ్ళినట్టే ఆమె కూడా కువైట్ వెళ్ళి, పదేళ్ళు పని చేసి వచ్చారు. అక్కడ వంటింటి సరుకు తేవడం, సర్దడం ఆమె పని. తేదీ దాటిన పాలడబ్బా ఇంట్లో కనిపిస్తే యజమానురాలు ఊరుకునేది కాదట. ఆ భయంతో నేర్చుకున్న చదువు ఇప్పుడు మా వీధి మొత్తానికి పనికి వస్తోంది. కొట్లో ఏ ప్యాకెట్ తీసుకున్నా ముందు తిరగేసి చూస్తారు. "అక్కా, ఇందులో ఏముందో కాస్త చూసి పెట్టవా" అని డిగ్రీ చదివిన పిల్లలు కూడా ఆమె దగ్గరకే వెళతారు. పిల్లలకు అక్షరాలు వచ్చు. ఆ అక్షరాలకు ఇంటి ఖర్చుతో ఉన్న సంబంధం ఆమెకు తెలుసు.

ఆమె చూసే మాటలు నాలుగే. మొదటిది 'ఎం.ఆర్.పి.' అంటే గరిష్ఠ చిల్లర ధర. పన్నులన్నీ అందులో కలిసే ఉంటాయి. అంతకంటే తక్కువకు అమ్మవచ్చు గాని ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోకూడదు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చిన తరువాత "దీని మీద ట్యాక్స్ వేరేనండి" అనేవారు అక్కడక్కడ కనిపించారు. ప్యాకెట్ మీద ఎం.ఆర్.పి. ఉంటే ఆ మాట చెల్లదు.

రెండవది 'నెట్ వెయిట్'. అట్ట, డబ్బా తీసివేయగా మిగిలే అసలు సరుకు తూకం. ధర మారకుండా ఈ అంకె తగ్గుతూ పోవడం మీరు గమనించే ఉంటారు. ఈ మధ్య ప్యాకెట్ల మీద గ్రాముకు ఎంత పడుతుందో కూడా వేస్తున్నారు. 200 గ్రాములు 46 రూపాయలైతే గ్రాముకు 23 పైసలు. అదే సరుకు 500 గ్రాములు 105 రూపాయలైతే గ్రాముకు 21 పైసలు. చిన్న ప్యాకెట్ చౌక అనుకుంటాం గాని, చాలాసార్లు పేదవాడే గ్రాముకు ఎక్కువ కడుతున్నాడు.

మూడవది 'ఎం.ఎఫ్.జి.', తయారైన నెల, సంవత్సరం. నాలుగవది 'ఎక్స్‌పైరీ', గడువు. 'బెస్ట్ బిఫోర్' అంటే ఆ తేదీ వరకు రుచి, గుణం బాగుంటాయని. 'ఎక్స్‌పైరీ' అంటే ఆ తేదీ దాటాక వాడకూడదని. ఈ రెండూ ఒకటి కావు. పిల్లల సిరప్ సీసా మీద రెండవ మాటను చూడకుండా మూత తీయకండి. బిళ్ళల అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంటే, డాక్టరు చీటీ లేకుండా ఆ మందు కొనకూడదని, వాడకూడదని అర్థం.

ఇక్కడ మన మాటను గూర్చే ఒక సంగతి చెప్పాలి. జ్వరానికి వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, సారా కొట్టులో తాగేదీ మందే. ఒక్క మాటతో మూడూ నడిపిస్తున్నాము. అందుకే సీసా మీది గుర్తు మనకు మరీ ముఖ్యం. పురుగుమందు డబ్బా మీద వాలుగా నిలబెట్టిన చదరపు గుర్తు ఒకటి ఉంటుంది. దాని కింది సగం ఎర్రగా ఉంటే అన్నిటికంటే తీవ్రమైన విషం. పసుపు దాని తరువాతది. నీలం మధ్యరకం. ఆకుపచ్చ తక్కువది. తక్కువదంటే హాని లేదని కాదు సుమా! 

కొన్నేళ్ళ క్రితం మా పక్క ఊరి కూలి ఒకాయన వరిచేలో మందు కొట్టి సాయంత్రానికి పడిపోయాడు. ఒళ్ళంతా చెమటలు, వాంతులు. ఆసుపత్రికి తీసుకువెళితే డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న "ఏం మందు కొట్టాడు?" అని. తీసుకువెళ్ళిన వాళ్ళు "వరి మందండి, పురుగుకు కొట్టేది" అన్నారు. అంతకంటే చెప్పలేకపోయారు. అతని భార్య మాత్రం ఖాళీ డబ్బాను గోనెసంచిలో చుట్టి తెచ్చింది. ఆమెకు చదువు రాదు. గుర్తు ఎర్రగా ఉందని మాత్రం చూసి, ఇదేదో పెద్దదే అనుకుందట. ఆ డబ్బా మీద మందు పేరూ, 'యాంటిడోట్' అని దాని విరుగుడూ రాసి ఉన్నాయి. దానిని చూసి వైద్యం మొదలుపెట్టారు. దేవుని దయవలన అతడు బ్రతికి ఇంటికి వచ్చాడు. పురుగుమందుతో ఇచ్చే కాగితం మీద తెలుగు కూడా ఉంటుంది. దానిని పారేయకుండా, మందు కొట్టే మనిషికి చదివి వినిపించే బాధ్యత చేను ఉన్నవారిది.

ఇక పండుగ బట్టల సంగతి. క్రిస్మస్ దగ్గర పడుతుంటే రాజమండ్రి తాడితోటకూ, కాకినాడకూ కుటుంబాలతో వెళతాము. అక్కడ అద్దం మీద '50 శాతం డిస్కౌంట్' అని పెద్ద అక్షరాలు ఉంటాయి. వాటి ముందు చీమంత అక్షరాల్లో 'అప్ టు' అని ఉంటుంది. అంటే 'వరకు' అని. ఏదో ఒక మూల నాలుగు చీరలకు సగం ధర తగ్గించి, మిగతావాటికి పది శాతం తగ్గించినా ఆ బోర్డు అబద్ధం కాదు. పక్కన చిన్న నక్షత్రం ఉంటే 'కండిషన్స్ అప్లై', అనగా షరతులున్నాయి, అడిగి తెలుసుకోమని. బంగారం కొట్లో 'వేస్టేజీ' అంటే మన తరుగే, 'మేకింగ్ ఛార్జీలు' అంటే మజూరీయే. 916 అంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారమని, అంటే 22 క్యారెట్లని. హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన సంఖ్య ఒకటి చెక్కి ఉంటుంది. కొట్టువారిని భూతద్దం ఇమ్మని అడిగి చూడండి.

ఇవన్నీ తెలిసినా ఒక్క మాట అడగడానికి మనకు మొగమాటం. అది 'బిల్లు'. "ఎప్పుడూ వచ్చే కొట్టే కదా, బిల్లు అడిగితే ఏమనుకుంటారో" అంటాము. అడగడం అనుమానించడం కాదు. 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పు. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు ఏదీ రాయకపోతే 30 రోజులలోగా తెచ్చినా వాపసు తీసుకోననడమూ తప్పే. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అనే బోర్డు చూసి వెనుదిరగనక్కరలేదు. న్యాయం దొరకకపోతే 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల వరకు విలువైన కొనుగోలుకు ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే వెళ్ళి చెప్పుకోవచ్చు.

అలాగని కొట్టువారితో తగవు పెట్టుకోమని నేను చెప్పడం లేదు. మన ఊళ్ళలో కష్టకాలంలో అప్పు ఇచ్చి ఇళ్ళు నిలబెట్టిన కొట్టువారు ఎందరో ఉన్నారు. వారికి కూడా ఆ ప్యాకెట్ కంపెనీ నుండి వచ్చిందే. "ఏవండీ, దీని తేదీ అయిపోయినట్టుంది, ఒకసారి చూడండి" అని నెమ్మదిగా చెబితే చాలామంది వెంటనే మార్చి ఇస్తారు. ఆ మాట అనాలంటే ముందు ఆ తేదీ మనం చదవగలగాలి.

అందుచేత తల్లులారా, ఒక చిన్న పని చేయండి. ఈ నెల సరుకులు తెచ్చిన రోజు సంచి గచ్చు మీద కుమ్మరించి, బడికి వెళ్ళే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. ధర ఎక్కడుంది, తూకం ఎంత, గడువు ఎప్పుడు అని అడగండి. వాళ్ళు అక్షరాలు చదువుతారు, మీరు లెక్క చెప్పండి. చదువు రాని అత్తగారిని కూడా కూర్చోబెట్టండి. ఎర్రగుర్తు, ఎర్రగీత చూడడానికి అక్షరాలతో పని లేదు. పురుగుమందు డబ్బాలు మాత్రం ఆ గచ్చు మీదికి తేకండి. వాటిని పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచండి.