అంతరిక్షంలో ఒక కాపురం

కాపురం అన్న మాటకు మన భాషలో రెండర్థాలున్నాయి. ఆలుమగలు కలిసి బ్రతకడం ఒకటి, ఒకచోట నివాసముండడం రెండోది. "మీ కాపురం ఎక్కడ?" అని అడిగితే ఊరి పేరో వీధి పేరో చెబుతాం. మన చుట్టూ వినబడే తమిళంలో 'కుడిత్తనం' అన్న మాటా అంతే. సంసారం చేయడమూ కుడిత్తనమే, ఒకరింట అద్దెకుండడమూ కుడిత్తనమే. మదురైలో పుట్టి, కోయంబత్తూరులో మెట్టి, రెండు ఊళ్లలోనూ ఇంట తెలుగు, వీధిన తమిళం మాట్లాడుతూ బ్రతికినదాన్ని కనుక ఈ రెండర్థాలూ విడదీయరానివని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఆలుమగల మధ్య పొత్తు కుదరనప్పుడు ఇద్దరి గుణాలనూ తూచడం లోకం పద్ధతి. కానీ చాలా ఇళ్లలో తగువు గుణాల వల్ల రాదు, చోటు వల్ల వస్తుంది. ఆ చోట ఒకరికి పని ఉంటుంది, రెండోవారికి ఉండదు. ఈ సంగతిని బాగా చూపించిన కథ నాకు ఏ సాంఘిక నవలలోనూ కాక, రాకెట్లూ రోబోలూ ఉండే టెలివిజన్ సీరియల్లో దొరికింది.

అంతకుముందే మనకు తెలిసిన సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఒకటుంది. సుజాత (1935–2008) 1980లలో ఆనంద వికటన్ వారపత్రికలో 'ఎన్ ఇనియ ఇయందిరా' నవల వ్రాశారు. దాని తరువాయి 'మీండుం జీనో'. ఆయన బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరు, ఓటింగు యంత్రం తయారీలో పాలు పంచుకున్నవారు. ఆ నవల దూరదర్శన్‌లో సీరియల్‌గా వచ్చినప్పుడు మా వీధిలో టీవీ ఉన్న ప్రతి ఇంటా చూశారు. 'జీవా' అనే నియంత ఏలే రాబోయే కాలపు భారతదేశం అది. ఎవరి పేరైనా రెండక్షరాలకు మించకూడదు. బిడ్డను కనాలంటే సర్కారు అనుమతి కావాలి. నిలా, సిబి అనే దంపతులకు ఆ అనుమతి వస్తుంది. వచ్చిన సంతోషం తీరకముందే సిబి కనబడకుండా పోతాడు. ఇంట్లో అద్దెకు రవి అనేవాడు దిగుతాడు, వెంట జీనో అనే యంత్రపు కుక్క. నిలా ఇల్లు తప్ప మరొకటి తెలియని పిల్ల. ఆ కుక్కే ఆమెకు గురువవుతుంది.

మా అత్తగారు ఆ సీరియల్ చూస్తూ మా ఇంటి తెలుగులో వ్యాఖ్యానం చెప్పేది. "మొగుడు పోయినాడని ఇంట్లో కూచుంటే దొరుకుతాడా? ఈ పిల్ల వాకిలి దాటాల్సిందే" అనేది. నిజంగానే కథ అటే నడిచింది. మొగుడు మాయమైతే గాని నిలా గడప దాటలేదు. సుజాత చమత్కారం అంతా అందులోనే ఉంది. అయితే ఆ కాపురాన్ని విరిచింది బయటివాడు, సర్కారు. దుర్మార్గుడొకడు ఎదురుగా ఉన్నప్పుడు ఆలుమగల మధ్య ఏం జరుగుతోందో చూడవలసిన పని రచయితకుండదు. దుర్మార్గుడు లేనప్పుడు, ఇద్దరూ మంచివాళ్లే అయినప్పుడు కాపురం ఎందుకు నలుగుతుందో చూపడం కష్టం. ఆ కష్టమైన పనిని అమెరికావారి 'స్టార్ ట్రెక్' చేసింది.

మా మనవరాలి పుణ్యమా అని నేనూ మా ఇంటాయనా 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్' మొత్తం చూశాం. 1993లో మొదలై 1999లో ముగిసిన సీరియల్ అది. ఆయన ఫౌండ్రీలో ముప్ఫై యేళ్లు పనిచేసిన మనిషి. తెరమీద మైల్స్ ఓబ్రయన్ అనే ఇంజనీరు పాత యంత్రాలతో కుస్తీ పడుతుంటే ఆయనకు పండుగ. నా చూపు మాత్రం ఆ ఇంజనీరు ఇంటిమీదే ఉండేది.

మైల్స్ ఐర్లండువాడు, అతని భార్య కేకో జపాను పిల్ల. వీళ్ల పెళ్లి అంతకుముందు సీరియల్ 'ది నెక్స్ట్ జనరేషన్'లో 1991 జనవరిలో జరిగింది. ఆ పెళ్లిరోజు పొద్దున కేకో పెళ్లి వద్దంటుంది, సాయంత్రానికి మనసు మార్చుకుంటుంది. అదే నెలలో వచ్చిన మరో కథలో ఇద్దరి ఫలహారం చూపించారు. ఆమె పుట్టింటి అలవాటు ప్రకారం సముద్రపు నాచుతో చేసిన పదార్థాలు పెడుతుంది. అతను మొహం చిట్లించి, మా అమ్మ నిజమైన మాంసం తెచ్చి తన చేత్తో వండేదంటాడు. వాళ్ల కాలంలో తిండి యంత్రంలోంచి వస్తుంది కనుక, మాంసాన్ని చేత్తో ముట్టుకునేదా అని ఆమె నివ్వెరపోతుంది. నక్షత్రాల మధ్య తిరిగేవాళ్లు కూడా పొద్దున్నే "మా అమ్మ ఇలా చేసేది" అన్న మాట దగ్గరే తట్టుకుంటారు. మదురై కారం నాలుకతో వచ్చి కోయంబత్తూరు ఉలవపప్పుకు అలవాటుపడిన నాకు ఈ ఘట్టం విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

అసలు నలుగుడు 'డీప్ స్పేస్ నైన్'లో మొదలవుతుంది. మైల్స్‌కు ఒక అంతరిక్ష కేంద్రంలో ఉద్యోగోన్నతి వస్తుంది. బేజోర్ అనే గ్రహాన్ని ఆక్రమించినవాళ్లు కట్టి, వదిలిపోయిన కేంద్రం అది. అక్కడ అతనికి ఊపిరి తిరగనంత పని. కేకో వృక్షశాస్త్రవేత్త. ఇనుప గోడల మధ్య వృక్షశాస్త్రవేత్తకు ఏం పని? మొదటి కథల్లోనే ఆమె ఈ ప్రశ్న అడుగుతుంది, ఇద్దరికీ మాటపట్టింపులు వస్తాయి. చివరికి ఆమే దారి వెతుక్కుని, అక్కడి పిల్లలకు బడి పెడుతుంది. ఆ బడిలో ఏం చెప్పాలన్నదాని మీద బేజోర్ మతగురువొకావిడ గొడవ లేపుతుంది. 1993 జూన్‌లో వచ్చిన ఆ కథలో బడిలో బాంబు పేలుతుంది. కేకో బెదరలేదు. అంతకన్నా చల్లగా వచ్చిపడ్డ దెబ్బకు ఆ బడి మూతపడింది. యుద్ధభయంతో బేజోర్ కుటుంబాలు కేంద్రం వదిలిపోతాయి, ఇద్దరంటే ఇద్దరు పిల్లలు మిగులుతారు. తెలుగు సెక్షన్లు ఒక్కొక్కటే పిల్లలు లేక మూతపడడం చూసినవాళ్లం మనం. ఖాళీ బల్లల ముందు నిలబడ్డ ఆ పంతులమ్మ మొహం ఎలా ఉంటుందో మనకు తెలుసు.

1994 అక్టోబరులో వచ్చిన ఆ కథ పేరు 'ది హౌస్ ఆఫ్ క్వార్క్'. భార్య దిగులు చూసి మైల్స్ తన చేతనైనది చేస్తాడు. మంచి భోజనం, ముచ్చట్లు. రాత్రి గడుస్తుంది, పొద్దున్నే దిగులు మళ్లీ అక్కడే. అప్పుడతను సరుకుల గది ఒకటి ఖాళీ చేయించి ఆమెకు తోట వేసిద్దామనుకుంటాడు. ఆ సంగతి డాక్టర్ బషీర్‌తో సంబరంగా చెబితే, ఆ స్నేహితుడు చల్లటి నీళ్లు పోస్తాడు. ఆమె వృత్తి వృక్షశాస్త్రం, నువ్వు దాన్ని కాలక్షేపం చేయబోతున్నావు అంటాడు. మైల్స్‌కు విషయం అర్థమవుతుంది. బేజోర్ కొండల్లో ఆరు నెలల పరిశోధన యాత్ర ఉంది, కూతుర్ని తీసుకుని నువ్వు వెళ్లు అని తానే కేకోకు చెబుతాడు. భార్యమీది ప్రేమ కొద్దీ తోట ఇవ్వబోయినవాడు, అదే ప్రేమ కొద్దీ ఆమెను దూరం పంపుతాడు.

ఇక్కడ నా ముచ్చట నాలుగు వాక్యాలు చెప్పక తప్పదు. పెళ్లికి ముందు మూడేళ్లు మదురైలో ఒక బడిలో జీవశాస్త్రం చెప్పాను. 1984లో కోయంబత్తూరు వచ్చాక ఆ పని పోయింది. మా ఇంటాయన మంచివాడు. నా దిగులు చూసి కుట్టుమిషను కొనిచ్చాడు, పొద్దుపోవడానికి. ఆ మాటే నన్ను కోసేది. మన భాషలో పొద్దుపోక వేరు, పని వేరు. పని ఉన్న మనిషికి పొద్దు చాలదు. పొద్దుపోక కోసం చేసేది ఎంత గొప్పదైనా దానికోసం ఎవరూ వేచి ఉండరు. మూడేళ్ల తర్వాత పొల్లాచ్చిలో ఒక బడిలో చోటు దొరికింది. నలభై కిలోమీటర్లు, రోజూ బస్సు. ఇంట్లో వారం రోజులు మాటల్లేవు. ఎనిమిదో నాడు ఆయన తెల్లవారుజామున లేచి, క్యారియరు తానే కట్టి, ఉక్కడం బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించాడు. ఒక్క మాటా అనలేదు. అత్తగారు మాత్రం వెనకనుంచి "పోయిరా పిల్లా, బిడ్డను నేను చూసుకుంటా" అంది. మైల్స్ తన భార్యతో ఆ యాత్ర సంగతి చెబుతున్నప్పుడు నేను తెర చూడలేదు, పక్కన కూర్చున్న మనిషిని చూశాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

మన తెలుగువాళ్లు దక్షిణానికి ఎందుకొచ్చారన్నదానికి నాయకరాజుల చరిత్ర ఒక సమాధానం చెబుతుంది. ఇళ్లలో ముసలమ్మలు చెప్పే కథ వేరు. కి. రాజనారాయణన్ (1923–2021) 1976లో వచ్చిన 'గోపల్ల గ్రామం'లో తమిళంలో వ్రాసింది ఆ కథే. ఇంటి ఆడపిల్ల మీద పాలకుడి కన్ను పడితే, ఆ పిల్లను కాపాడుకోవడానికి బంధుగణమంతా రాత్రికి రాత్రి ఊరు వదిలి, కొత్త నేలమీద అడవి కొట్టి ఊరు కట్టుకుంటుంది. ఒక ఆడపిల్ల కోసం ఊరంతా కదిలింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత తరతరాలుగా కదులుతున్నది ఆడపిల్లే. మదురై నుంచి కోయంబత్తూరుకు, కోయంబత్తూరు నుంచి హూస్టనుకు. మగవాడి బదిలీని ఉద్యోగం అంటాం, ఆడమనిషి వెంట వెళ్లడాన్ని కాపురానికి వెళ్లడం అంటాం. మొదటిదానికి ఆర్డరు కాగితముంది, రెండోదానికి లేదు.

ఈ సీరియల్ అభిమానుల్లో కొందరికి కేకో అంటే గిట్టదు. ఎప్పుడూ సణుగుతుందంటారు. అందులో కొంత తప్పు సీరియల్ వ్రాసినవారిది కూడా. మైల్స్ పనిని మనకు ప్రతి బోల్టుతో సహా చూపిస్తారు. అతని అలసట మనం కళ్లారా చూస్తాం, కనుక అర్థం చేసుకుంటాం. కేకో పనిచేసే కొండలను ఒక్కసారైనా చూపరు. ఆమె మట్టి పట్టుకోవడం, మొక్కకు పేరు పెట్టడం, సాటివాళ్లతో వాదించడం తెరమీదికి రావు. ఆమె ఇంటికి వచ్చినప్పుడే మనకు కనబడుతుంది, ఇంట్లో ఉన్నది తగువు. పనిలో కనబడే మనిషి కష్టజీవి, ఇంట్లో మాత్రమే కనబడే మనిషి గయ్యాళి. కెమెరా ఎక్కడ నిలబడిందన్నదాన్ని బట్టి న్యాయం మారిపోతుంది. మన ఇళ్లలోనూ అంతే. మిల్లు సైరను ఊరంతా వింటుంది, వంటింటి చప్పుడు వంటింట్లోనే ఆగుతుంది.

అయినా ఆ రచయితలు ఒక్క కథతో సమస్య తీరిందని చేతులు దులుపుకోలేదు. అదే ఏడు నవంబరులో వచ్చిన 'ఫాసినేషన్'లో కేకో పండుగకు ఇంటికి వస్తుంది. రెండు నెలల ఎడబాటు తర్వాత అలసి వచ్చిన తల్లి, ఒంట్లో బాగాలేని బిడ్డ, లేనిపోని అనుమానంతో తండ్రి. పైగా యాత్ర మరికొన్ని నెలలు పొడిగించారన్న వార్త. తగువు ముదురుతుంది. చివరికి మైల్స్ ఉద్యోగం మానేసి నీతో బేజోర్‌కు వస్తానంటాడు. ఆమె అతన్ని ఉద్యోగం మాననివ్వలేదు. కాని ఆ మాట అతని నోట వచ్చింది, అది చాలు. 1996లో ఆమె తిరిగి వచ్చేసరికి అతను స్నేహితుడితో గడిపే సాయంత్రాలకు అలవాటుపడి ఉంటాడు. ఆమె అది కనిపెట్టి, అతని పరువు పోకుండానే మళ్లీ స్నేహితుడి దగ్గరకు పంపుతుంది. అదే ఏడు 'హార్డ్ టైమ్' కథలో అతని మనసులోకి ఇరవై యేళ్ల జైలు శిక్ష జ్ఞాపకంగా ఎక్కించబడుతుంది. బయట గడిచింది కొన్ని గంటలే. ఇంటికి వచ్చిన మనిషి కన్నకూతురి మీద చెయ్యెత్తబోయి, తనంటే తనకే భయం పుడుతుంది. సైన్స్ ఫిక్షన్ మాత్రమే చెప్పగల కథ అది. భర్త ఏ నరకం చూసి వచ్చాడో భార్యకు కనబడే అవకాశమే లేదు. ఇలాంటి ఎడబాటు ఒకే కప్పు కింద కూడా ఉంటుందని, సైన్యం నుంచో జైలు నుంచో మనిషి తిరిగి వచ్చిన ఏ ఇంటివాళ్లనడిగినా చెబుతారు.

1999లో సీరియల్ ముగుస్తుంది. మైల్స్‌కు భూమిమీద అకాడెమీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వస్తుంది, కుటుంబమంతా బయలుదేరుతుంది. చూసేవాళ్లకు తృప్తిగానే ఉంటుంది. పుట్టిన గడ్డకు పోతున్నారు, పిల్లలకు నేలా నీళ్లూ దొరుకుతాయి. భూమిమీద చెట్లున్నాయి, కేకోకు పని దొరికే ఉంటుంది. కానీ ఆ పని ఏమిటో ఎవరూ చెప్పరు. ఏడేళ్ల తర్వాత కూడా ఇల్లు కదిలింది అతని ఆర్డరు కాగితంతోనే.

మా మనవరాలికి పెళ్లి మాటలు జరుగుతున్నాయి. అబ్బాయిది మంచి ఉద్యోగం, మనవాళ్లే, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. మొన్న పెద్దలంతా కూర్చున్నప్పుడు జాతకాలూ అయినాయి, ఇచ్చిపుచ్చుకోవడాలూ అయినాయి. అప్పుడు మా ఇంటాయన, ఎన్నడూ సభలో నోరెత్తని మనిషి, అబ్బాయి తండ్రినడిగాడు: "అంతా బాగుందండీ. ఆ ఊళ్లో మా పిల్లకు పనేముంది?"

జవాబు వెంటనే రాలేదు. కనుక్కుని చెబుతామన్నారు.