ఎరల పెట్టెలో ఎవరి లెక్క?

మగవాళ్ళు నాణేలో, తపాలా బిళ్ళలో, పాత గ్రామఫోను రికార్డులో పోగుచేస్తే దాన్ని సేకరణ అంటాం. ఆడవాళ్ళు చీర అంచులో, గుండీలో, ఖాళీ సీసాలో దాచుకుంటే "ఎందుకే ఆ చెత్తంతా?" అంటాం. సాహిత్యంలో డాక్టరేటు కోసం ఏళ్ళ తరబడి గ్రంథాలయాల్లో పాత పత్రికల దుమ్ము దులిపాను గానీ, ఈ తేడా నాకంత సూటిగా తగిలింది మాత్రం అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో, చేపల ఎరలు లెక్కపెడుతున్నప్పుడు.

ఏడాది ఫెలోషిప్ మీద వెళ్ళి, డెబ్భై దాటిన ఒకావిడ ఇంట్లో పైగది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ భర్త టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, నేను వెళ్ళేటప్పటికి పోయి రెండేళ్ళయింది. ఆయనకి బాస్ చేపల వేటంటే ప్రాణం. బాస్ అంటే మన కొర్రమీనులాగా నాచు చాటున పొంచి ఉండి ఒక్కసారిగా మీదపడే చేప. ఈ వేటలో కృత్రిమమైన ఎరలకే మర్యాద ఎక్కువ. ఆయన పోగుచేసినవి నేలమాళిగ నిండా ఉన్నాయి. కొనడానికి ఒక వ్యాపారి వస్తానన్నాడు. "నీకు కేటలాగులు రాయడం వచ్చు కదా, కాస్త సాయం చెయ్యి" అందావిడ.

మూడు శనివారాలు కూర్చున్నాం. సంఖ్యలో అన్నిటినీ మించినవి మెత్తటి ప్లాస్టిక్ పురుగులు. వానపాము ఆకారంలో, సంచుల కొద్దీ, పచ్చగుమ్మడి రంగూ పుచ్చకాయ రంగూ నలుపూ నీలం కలిసిన రంగూ... చాలావాటికి మూతి కూడా విప్పలేదు. కారణం లేకపోలేదు. అవి చవక. నాలుగు చేపలు కొరికేసరికి చిరిగిపోతాయి. పనిచేసిన రంగును కంపెనీ రేపు ఆపేస్తుందేమోనన్న భయం ఒకటి. వాటి తర్వాత క్రాంక్‌బెయిట్లు. ఇవి ముందు పెదవిలాంటి పలక ఉండి, లాగుతుంటే నీళ్ళలోకి దిగి ఊగే చేపబొమ్మలు. ఒక్కొక్కటీ ఒక్కో లోతుకి దిగుతుంది, బురదనీటికో రంగు, తేటనీటికో రంగు. అందుకని ఒకే బొమ్మ ఇరవై రంగుల్లో ఉంది. స్టార్మ్ కంపెనీ వాళ్ళ విగిల్ వార్ట్ అనేదాన్ని ఆయన ప్రత్యేకంగా ఒక పెట్టెలో దాచాడు. 1999లో ఆ కంపెనీని రపాలా కొనేసింది. తర్వాత వచ్చినవాటికి ఆ పాత ఊపూ చప్పుడూ లేవని వేటగాళ్ళ నమ్మకం. అందుకే పాతవాటికి గిరాకీ.

ఇది వాడేవాళ్ళ సంగతి. వాడకుండా దాచుకునేవాళ్ళ లోకం వేరే ఉంది. అదే ఒహాయోలో, పెయిన్స్‌విల్‌లో రైలీ హాస్కెల్ అనే ఆయన 1859లో పేటెంటు తీసుకున్న లోహపు చేప ఎరల్లో పెద్దదొకటి 2003లో 1,01,200 డాలర్లకు అమ్ముడుపోయింది. చేపను మోసం చెయ్యడానికి చేసిన వస్తువు మనిషిని ఇంతగా పట్టేసింది!

నేను కుదురుగా ఆలోచించడం మొదలుపెట్టింది స్కర్టుల దగ్గర. ఎర వెనక వేలాడే రబ్బరు కుచ్చుని వాళ్ళు స్కర్ట్ అనే అంటారు. ఏక్రన్ రబ్బరు ఊరు. గుడ్‌ఇయర్, గుడ్‌రిచ్, ఫైర్‌స్టోన్ అక్కడే పెరిగాయి. టైర్ల కంపెనీ ఉద్యోగం వదిలి ఎరల వ్యాపారం పెట్టిన ఫ్రెడ్ ఆర్బొగాస్ట్ తన ఎరలకి రబ్బరు కుచ్చులు తొడిగి హవాయియన్ విగ్లర్ అనీ, హూలా పాపర్ అనీ పేర్లు పెట్టాడు. హవాయి ద్వీపాల్లో హూలా నాట్యం చేసే స్త్రీ నడుము కదలికే ఆ పేర్లలో ఉంది. ఆశపెట్టి పట్టే వస్తువు అనగానే ఆడదాని ఒళ్ళు గుర్తుకు రావడం మన కావ్యాలకి మాత్రమే చెందిన జబ్బు కాదన్నమాట. నేను నవ్వుతూ ఆ మాటే అంటే, మా ఇంటావిడ లేచి వెళ్ళి వంటింటి అలమరలోంచి ఒక గాజు సీసా తెచ్చి నా ముందు పెట్టింది. నిండా రబ్బరు కుచ్చులు.

"ఇవి నేను కట్టినవి" అంది.

పిల్లలు చిన్నప్పుడు, ఊళ్ళో ఎరలు తయారుచేసే ఒకాయన దగ్గర సరుకు తెచ్చుకుని, రాత్రిళ్ళు వంటింటి బల్ల మీద డజన్ల లెక్కన కట్టి ఇచ్చేదట. నాలుగేళ్ళపాటు. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు. "పని చేసేవారా?" అని ఎవరైనా అడిగితే లేదనే చెప్పేదట. ఇంట్లో కూర్చునే కదా!

ఆ మాట నాకు కొత్త కాదు. మాది పశ్చిమ గోదావరి. నర్సాపురం చుట్టుపక్కల ఊళ్ళలో లేసు అల్లిన ఆడవాళ్ళు కూడా అంతే అంటారు. ఆ లేసు పనివాళ్ళ మీద మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకం ఎం.ఫిల్. రోజుల్లో చదివాను. వాళ్ళని గృహిణులుగానే చూసి, వాళ్ళ శ్రమని తీరికవేళ కాలక్షేపంగా లెక్కగట్టడం వల్లే ఆ దోపిడీ సాధ్యమైందని ఆవిడ చూపించింది. చదివి మార్కులు తెచ్చుకున్నాను. మా పెద్దమ్మ కూడా లేసు అల్లేది. ఆమెను ఒక్క ప్రశ్నా అడగలేదు, అప్పటికి ఆమె నాకు పెద్దమ్మే గాని కార్మికురాలు కాదు.

మేం లెక్కపెట్టిన ఆ ప్లాస్టిక్ పురుగుల పుట్టుక కూడా ఏక్రన్‌లోనే, ఒక ఇంట్లోనే. 1949లో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా ఇద్దరూ కలిసి వినైల్ కరిగించి అచ్చులు పోశారు. కథ చెప్పేటప్పుడు ఎక్కువమంది నోట వచ్చేది నిక్ పేరే. వెర్మాంట్‌లో మేరీ ఆర్విస్ మార్బరీ తండ్రి కంపెనీలో ఈకలతో, దారంతో ఈగల ఎరలు కట్టే స్త్రీల విభాగాన్ని నడిపింది. ఎవరికి ఏ ఎర ఇష్టమో, ఎక్కడ ఏది పనిచేస్తుందో రాష్ట్రరాష్ట్రాల వేటగాళ్ళ నుంచి ఉత్తరాలు తెప్పించి, 1892లో పెద్ద పుస్తకంగా తెచ్చింది. అందులో బాస్ ఎరలూ ఉన్నాయి. వేటగాళ్ళ ఇష్టాలకి అంత ఓపిగ్గా లెక్క రాసింది ఒక స్త్రీ. పోటీల్లోకి రానివ్వడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1976లో షుగర్ ఫెరిస్ ఆడవాళ్ళ కోసం బాస్'న్ గాల్ అని విడిగా పోటీలు మొదలుపెట్టాల్సి వచ్చింది, 1998లో అదీ ఆగిపోయింది. బి.ఎ.ఎస్.ఎస్. సంస్థ పోటీలో తొలి మహిళగా వోజాయ్ రీడ్ దిగింది 1991లో. వాళ్ళ అతిపెద్ద పోటీ అయిన క్లాసిక్‌లోకి కిమ్ బెయిన్-మూర్ అడుగుపెట్టేసరికి 2009 వచ్చింది.

వ్యాపారి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. రాగానే "మీ అబ్బాయి లేడా?" అన్నాడు. ఆవిడ లేడంది. విగిల్ వార్ట్‌ల పెట్టె తెరిచి, ఆయన ఎంత అభిరుచి ఉన్న మనిషో మెచ్చుకున్నాడు. ఒకే రకానివి ఇన్నెందుకు అని అడగలేదు. పెళ్ళయిన కొత్తలో నా పుస్తకాల అట్టపెట్టెలు చూసి మా అత్తగారింట్లో వినిపించిన మొదటి ప్రశ్న అదే: "ఒకే విషయం మీద ఇన్ని పుస్తకాలెందుకమ్మా?" ఆ పెట్టెల్లో సగం ఇప్పటికీ మా అమ్మ వాళ్ళింట్లో అటక మీదే ఉన్నాయి.

చివర్లో గాజుసీసా ఎత్తి చూసి, రబ్బరు పాతబడిందనీ, ధర రాదనీ, కావాలంటే ఊరికే తీసుకెళ్తాననీ అన్నాడు. ఆవిడ సీసా తీసుకుని వంటింట్లో పెట్టేసి వచ్చింది. మిగతావాటికి బేరం గట్టిగానే ఆడింది.

ఆ సాయంత్రం, అమ్మని ఆ ఒక్క వస్తువుని కూడా కేటలాగులో చేర్చమంది. వస్తువు, రంగు, తయారైన కాలం రాశాను. తయారీదారు అన్న గడిలో ఆవిడ పేరు పూర్తిగా, పుట్టింటి పేరుతో సహా రాయించుకుంది. "డజనుకి ఎంతిచ్చేవాడో అది కూడా రాయి" అంది. అలాంటి గడి మా కేటలాగులో లేదు. పక్కన గీత గీసి రాశాను.

తిరిగొచ్చాక పెద్దమ్మకి ఫోన్ చేసి, లేసుకి ఎంతిచ్చేవారని అడిగాను. "ఇప్పుడెందుకే ఆ లెక్కలు" అని నవ్వి, మా ఆయన ఆరోగ్యం అడిగి పెట్టేసింది. రెండు రోజుల తర్వాత తనే చేసింది. దారం ఉండకి ఎంత, అందులో ఏజెంటు ఎంత కోసేవాడు, ఏ ఏడు రేటు పెంచమని ఎవరెవరు కలిసి వెళ్ళి అడిగారు, ఎవరు భయపడి మధ్యదారిలో వెనక్కి తిరిగారు, అన్నీ చెప్పింది. నలభై నిమిషాలు. నేను రాసుకుంటూనే ఉన్నాను.