గుడి కట్టిన చేతులే బడి కట్టినవి

ఇంగ్లండులోని లాంకాస్టరు పట్టణమున ఎడ్మండు షార్పు 1835లో వాస్తుశిల్పవృత్తి నారంభించెను. శిష్యుడగు పేలీ 1845లో ఆయనకు భాగస్వామి యయ్యెను. చర్చిల ననేకముగా నిర్మింపజేసిన యీ యిరువురే 1852 నాటి లాంకాస్టరు గ్రామరు పాఠశాలకును రూపమొసగిరి. 1859లో ప్రతిష్ఠితమైన అచటి కాథలిక్కు దేవాలయము పేలీ కల్పన. ఆయన ఆంగ్లికను మతాచార్యుని కుమారుడు. 1868లో ఆస్టిను చేరెను; 1944 వఱకు ఆ సంస్థ నిలిచెను.

బడిపంతులనగు నాకు వీరి వృత్తాంతమున నచ్చినది యొక్కటి: ప్రార్థనకును చదువునకును ఒకే చేయి, ఒకే శ్రద్ధ. వెలుతురు చాలని గదిలో కడపటి వరుస బాలుడు నల్లబల్లపై నక్షరము గానక కన్నులు చిట్లించుట నేను నిత్యము చూచుచున్నాను. వానికి నా పాండిత్యముకంటె ముందు ఒక కిటికీ కావలయును. గోపురమునకు చందా యడిగిన విచ్చుకొను చేతులు కిటికీకి అడిగినప్పుడు ముడుచుకొనుట న్యాయమా? చదువరులు యోచింతురుగాక.