తార్నాక షెడ్డులో జిప్సీ బేరం

తార్నాక కూడలి నుంచి లాలాపేట వైపు మళ్లాక వచ్చే సందుల్లో ఒకదాంట్లో ఉందా షెడ్డు. రేకుల కప్పు, నేలంతా నూనె మరకలు, గోడకు వరుసగా స్పానర్లు. బయట బోర్డు కూడా లేదు. ఫోర్ బై ఫోర్ బండ్లున్నవాళ్లకు మాత్రం అడ్రస్ చెప్పనక్కర్లేదు. నేను వెళ్లిన ఉదయం లోపల ఒక థార్, బానెట్ విప్పి పెట్టిన పాత మహీంద్రా జీపు, గుంత మీద ఒక తెల్ల మారుతి జిప్సీ ఉన్నాయి. జిప్సీ 2009 మోడల్, ఏపీ 10 నంబరు. ఓనరు ఉస్మానియాలో జియాలజీ చెప్పి రిటైరైన ప్రొఫెసర్ గారు. మోకాళ్ల నొప్పితో క్లచ్ తొక్కలేకపోతున్నారు, అందుకని అమ్మేద్దామనుకున్నారు.

అమ్మకానికి పెట్టే బండిని ఎవరైనా ముందు కడిగించి పాలిష్ కొట్టిస్తారు. ఈయన విప్పించి లోపాలు రాయించుకుందామని తెచ్చారు. సెకండ్ హ్యాండ్ ధరలు ఇంతగా ఎగిరిన రోజుల్లో అలా ఆలోచించేవాళ్లు ఎంతమంది ఉంటారు? అందుకే నేనూ వెంట వెళ్లాను.

సర్ అప్పటికి ఎక్కడా ప్రకటన ఇవ్వలేదు. నోటి మాటగా తెలిసి, బండి మొహమైనా చూడకుండా ఒకాయన ఫోన్లోనే ఆరు లక్షలన్నాడు. మరొకాయన దాని మీద ఇంకో పాతిక వేలు వేశాడు. 2009లో సర్ కొత్త బండికి పెట్టిన సొమ్ము కంటే అది ఎక్కువ. మామూలు కారు షోరూమ్ గేటు దాటిన రోజు నుంచే ధర దిగజారుతుంది. పదిహేనేళ్లు దాటిన బండికి కొన్న ధర కంటే ఎక్కువ పలుకుతోందంటే దాని వెనక ఏదో కథ ఉండాలి.

మెకానిక్ యాభై దాటిన మనిషి. తండ్రి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేశారట, ఇనుము శబ్దం వినడం ఆయన దగ్గరే నేర్చుకున్నానన్నాడు. "పైన పెయింట్ సూసి ఏం జేస్తరు సార్, కింద సూడాలె" అంటూ గుంతలోకి దిగాడు. నన్నూ రమ్మన్నాడు.

స్క్రూడ్రైవర్ పిడితో చాసిస్ పొడవునా తడుతూ పోయాడు. ముందు నుంచి మధ్య దాకా ఠంగు ఠంగుమని ఒకే శబ్దం. వెనక కమాన్ పట్టీలు చాసిస్‌కి బిగించే చోటికి వచ్చేసరికి శబ్దం మొద్దుబారింది. అక్కడ ఆగి, మొన కొసతో నల్ల రంగు గీకాడు. కింద నుంచి తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలి ఆయన ముంజేతి మీద పడింది. చిల్లు పడలేదు గానీ ఇనుము బొటనవేలంత మేర పలచబడింది. బురద ఆ మూలకే చేరుతుందనీ, ఒకసారి తడిస్తే త్వరగా ఆరదనీ, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తిరిగిన బండ్లకు చాలాసార్లు అక్కడే దెబ్బ తగులుతుందనీ చెప్పాడు. "ప్లేట్ ఏసి వెల్డింగ్ జెయ్యాలె. రంగు కొడితే ఎవ్వలికి తెల్వది. మనకు మాత్రం తెల్సిపాయె గద సార్."

పైన నిలబడ్డ సర్ జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశారు. ఫీల్డుకు వెళ్లే జియాలజిస్టుల దగ్గర ఉండే గట్టి అట్ట పుస్తకం. దాంట్లో రాసుకున్నారు: వెనక ఎడమ చాసిస్, తుప్పు, ప్లేటు అవసరం. తర్వాత ఇంకొన్ని చేరాయి. ట్రాన్స్‌ఫర్ కేస్ సీలు దగ్గర నూనె చెమర్చుతోంది. అద్దం ఫ్రేము అడుగున రంగు ఉబ్బింది. రెండో గేరు చల్లగా ఉన్నప్పుడు గరగరమంటోంది. పెట్రోల్ గొట్టాలు మాత్రం కొత్తవి. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ బంకుల్లోకి వచ్చాక పాత రబ్బరు మీద నమ్మకం లేక సర్ మార్పించారు.

షెడ్డులో కూర్చుని టీ తాగుతూ ధరల కథ మాట్లాడుకున్నాం.

జిప్సీ మన మార్కెట్లోకి వచ్చింది 1985లో. 2019లో కంపెనీ మామూలు కొనుగోలుదార్లకు ఆపేసింది. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, క్రాష్ పరీక్షలు, ఆ తర్వాతి ఏడాది రాబోయే బీఎస్ 6 నిబంధనలు ఆ పాత డిజైనుకు అందేవి కావు. ఆఖర్లో దాని షోరూమ్ ధర ఆరు లక్షల పైచిలుకు. నాలుగేళ్ల తర్వాత, 2023 జూన్‌లో, అదే వంశంలోని జిమ్నీ వచ్చింది. మొదలు ధరే 12 లక్షల 74 వేలు. వెయ్యి కిలోలకు అటూ ఇటూ తూగే, బురదలో కూరుకుపోయినా నలుగురు కలిసి నెట్టేయగల బండి కావాలనుకునేవాడికి పాత జిప్సీ తప్ప దారి లేకుండా పోయింది.

ఇంకో కారణం ఈ తార్నాక చుట్టుపక్కలే బాగా అర్థమవుతుంది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ హబ్సిగూడలో ఉంది. ఉస్మానియా క్యాంపస్‌లో జియాలజీ, జియోఫిజిక్స్ విభాగాలున్నాయి. ఫీల్డు పని అంటే జీపు, ఆ తర్వాత జిప్సీ. దేశమంతటా ప్రభుత్వ సంస్థలు, అటవీ శాఖలు, పోలీసులు వాడి వదిలేసిన ఇలాంటి బండ్లు వేలంలోకి వచ్చేవి, మెకానిక్‌లు పాడుకుని బాగుచేసి అమ్మేవారు. కేంద్రం 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ దారి మూసేసింది. ప్రభుత్వాలవీ, ప్రభుత్వ రంగ సంస్థలవీ, స్వయంప్రతిపత్తి సంస్థలవీ పదిహేనేళ్లు దాటిన బండ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, వాటిని గుర్తింపు ఉన్న స్క్రాప్ కేంద్రానికే పంపాలి. కాలుష్యం దృష్ట్యా ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను. కానీ సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు నీళ్లొచ్చే కాలువల్లో ఒకటి దాంతో ఎండిపోయింది. మిగిలినవి సర్ దగ్గరున్నటువంటి సొంత బండ్లే.

థార్ సంగతి వేరు. 2020 అక్టోబర్ 2న కొత్త థార్ 9 లక్షల 80 వేల మొదలు ధరతో వస్తే నాలుగు రోజుల్లో తొమ్మిది వేల బుకింగులు పడ్డాయి. ఆ వెంటనే చిప్పుల కొరత. నెలల తరబడి వెయిటింగ్. చేతిలో ఉన్న బండిని షోరూమ్ ధరకు దగ్గరగా అమ్ముకున్నవాళ్లను అప్పుడు ఈ మెకానిక్ చాలామందిని చూశాడు. "లాభం ఒచ్చిందని ఖుషీ అయిన్రు. మళ్ల కొత్తది బుక్ జెయ్యవోతే వాళ్లే లైన్ల ఆఖరికి నిలవడ్డరు" అన్నాడు. ధర పెరిగిందని అమ్మేవాడికి నిజంగా మిగలాలంటే మళ్లీ అదే సంతలో కొనే పని ఉండకూడదు. సర్‌కి ఆ పని లేదు, ఆటోలో తిరుగుతానంటున్నారు.

థార్ ధర ఆ ఊపులో నిలవలేదు కూడా. 2023లో వెనక చక్రాలకే పవరుండే చవక రకం, 2024 ఆగస్టు 15న అయిదు తలుపుల రాక్స్ వచ్చాయి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గి కొత్త బండ్ల ధరలు దిగగానే పాత థార్ కొనడానికి వచ్చినవాళ్లు గట్టిగా బేరమాడటం మొదలుపెట్టారు. కొత్తది అసలు దొరకని జిప్సీకి ఆ బెడద లేదు.

ధర మండిపోతున్నప్పుడు కొనేవాడికి తొందరెక్కువ. ఇంకొకడు ఎగరేసుకుపోతాడేమోనని గుంతలోకి దిగడు, తట్టి చూడడు, బయానా ఇచ్చేస్తాడు. నల్ల రంగు కింద తుప్పు దాక్కునేది అలాంటి రోజుల్లోనే. ఘాట్ రోడ్డు మీద చాసిస్ విరిగితే పోయేది డబ్బొక్కటే కాదు. కాబట్టి ఎక్కువ ధర అడిగే హక్కున్న అమ్మకందారు మీద అంతకంటే ఎక్కువగా నిజం చెప్పే బాధ్యత ఉందని నేను గట్టిగా నమ్ముతాను. సర్ ఆ మాట నోటితో అనలేదు, నోటుబుక్కులో రాస్తూ కూర్చున్నారు.

మధ్యాహ్నం బండి కొందామని ఒక అబ్బాయి వచ్చాడు. వికారాబాద్ దగ్గర పొలం ఉంది, ఉస్మానియా క్యాంపస్‌లోనే పీజీ చేశాడు. వానాకాలంలో పొలం బాటకు ట్రాక్టర్ తప్ప ఏదీ పోదట. ఫోర్ వీల్ పనిచేస్తుందో లేదో చూడాలన్నాడు. అది తార్నాక రోడ్డు మీద చూసే పని కాదు. జిప్సీలో ముందు, వెనక ఇరుసుల మధ్య సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనకవి తక్కువ దూరం తిరగాలి. గట్టి తారు మీద ఆ తేడా పోవడానికి చోటులేక లోపల గేర్లు బిగుసుకుంటాయి. మట్టి మీదైతే చక్రం కాస్త జారి ఆ బిగువు వదులుతుంది.

అందుకని యూనివర్సిటీ గేటు దాటి, ఆర్ట్స్ కాలేజీ మీదుగా, చెట్ల వెనక ఉన్న మట్టి బాటకు వెళ్లాం. 1939లో ప్రారంభమైన ఆ రాతి భవనం ముందు నుంచి పోతుంటే సర్ అలవాటుగా పాఠం మొదలుపెట్టారు. హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లట. ఇదే బండిలో పిల్లల్ని కడప పలకరాళ్ల దగ్గరికి, అనంతపురం జిల్లా వజ్రకరూరు కింబర్లైట్ల దగ్గరికి తీసుకెళ్లానని చెప్పారు. వెనక సీటు మీద సుత్తి పడి చిరిగిన చోటు చూపించారు. ఆ చిరుగు కూడా నోటుబుక్కులో ఉంది!

మట్టి బాట మీద అబ్బాయే స్టీరింగ్ పట్టుకున్నాడు. 'ఫోర్ లో' గేరు వేసి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, గుండ్రాళ్ల గట్టు ఎక్కించాడు. బండి నడక వేగంతో ఆగకుండా ఎక్కేసింది. టూ వీల్‌కి మార్చేటప్పుడు లివర్ ఒక క్షణం మొరాయించింది. కాస్త వెనక్కి కదిలిస్తే వదులుతుందని సర్ చూపించారు.

తిరిగి షెడ్డుకు వచ్చాక నోటుబుక్కు చదివి వినిపించారు. అబ్బాయి మొహం చిన్నబోయింది. "ఇవన్నీ చెప్తే ఎవరు కొంటరు సర్?" అన్నాడు. "చెప్పకుండా అమ్మితే వానల్లో నాకు నిద్ర పట్టదు బాబూ" అన్నారు సర్. వెల్డింగు, సీళ్లు, గేరు పని అన్నీ కలిపి నలభై వేల దాకా అవుతుందని మెకానిక్ లెక్క వేశాడు. ఆరు లక్షల్లోంచి అది తీసేసి 5 లక్షల 60 వేలకు మాట కుదిరింది. ఫోన్లో ఎక్కువన్న రెండో ఆయన ఊరూ పేరూ చెప్పని బ్రోకరు. పైగా బండ్లు కొని అమ్మే వ్యాపారి లాభం మీద 2025 జనవరి నుంచి 18 శాతం జీఎస్టీ. ఆ భారం ఎక్కడో ఒకచోట తేలాలి, చివరి నిమిషంలో అమ్మేవాడి ధరలోంచే కోయాలని చూస్తారు. ఇద్దరు మామూలు మనుషుల మధ్య జరిగే అమ్మకానికి ఆ పన్ను లేదు. సొంతానికి వాడుకున్న కారు కాబట్టి లాభం వచ్చినా క్యాపిటల్ గెయిన్స్ బెడద కూడా ఉండదు.

సగం నగదు ఇస్తామని అబ్బాయి మేనమామ ఫోన్లో అన్నాడు. సర్ ఒప్పుకోలేదు. ఒక లావాదేవీలో రెండు లక్షలు, ఆ పైన నగదు పుచ్చుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం పుచ్చుకున్నవాళ్ల మీద అంతే మొత్తం జరిమానా పడుతుంది.

కాగితాల దగ్గర సర్ ఇంకా కచ్చితం. పదిహేనేళ్ల గడువు తీరాక 2024లో ఆర్సీ రెన్యువల్ చేయించారు, కాబట్టి 2029 దాకా ఢోకా లేదు. అప్పటికి ఇరవై ఏళ్లు నిండుతాయి. రెన్యువల్ ఫీజు కార్లకు 2022లో 5,000 అయింది, ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఆ సంగతీ అబ్బాయికి ముందే చెప్పారు. తెల్ల కాగితం చాసిస్ నంబరు మీద ఆనించి మెకానిక్ పెన్సిల్‌తో రుద్దాడు. అక్షరం తరవాత అక్షరం తేలుతుంటే అబ్బాయి ఆర్సీ పక్కన పెట్టుకుని పోల్చుకున్నాడు. 29, 30 ఫారాల మీద సంతకాలయ్యాయి.

ఖాళీ ఫారాల మీద సంతకం చేసి తాళాలు ఇచ్చేసే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. దాని ఫలితం ఎలా ఉంటుందో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చింది. బండి అప్పటికే చేతులు మారి మారి వేరేవాళ్ల దగ్గరికి చేరింది, ప్రమాదం చేసింది. ఆర్టీఏ పుస్తకాల్లో పేరు మారలేదు కాబట్టి మొదటి ఓనరే పరిహారం కట్టాలని కోర్టు చెప్పింది. బండి ఇచ్చిన 14 రోజుల్లోగా అమ్మినవాళ్లే ఆర్టీఏకి తెలియజేయాలని చట్టంలో ఉంది. కొన్నవాళ్లకు 30 రోజులు.

ఇన్సూరెన్స్‌లో పోగైన నో క్లెయిమ్ బోనస్ బండితో పోదు, మనిషితో ఉంటుంది. సర్‌కి మళ్లీ కారు కొనే ఆలోచన లేకపోయినా ఆ సర్టిఫికెట్ అడిగి తెచ్చుకున్నారు. కూతురు ఊరుకోదట.

సికింద్రాబాద్ ఆర్టీఏలో స్లాట్ రాగానే ఇద్దరూ కలిసి వెళ్లాలని నిర్ణయించుకున్నారు. పేరు మారేదాకా జిప్సీ షెడ్డులోనే ఉంటుంది, తాళం మెకానిక్ దగ్గర. ఆలోగా చాసిస్ వెల్డింగ్ అయిపోవాలి, దాని ఖర్చు అబ్బాయిది. వెల్డింగ్ చేసే రోజు తనూ వచ్చి చూస్తానని సర్ చెప్పారు. రంగు వేసేముందు ఫోన్ చేయమని మెకానిక్‌కి మళ్లీ మళ్లీ గుర్తుచేశారు.