గంప కింది వెచ్చదనం

తుపాకుల వార్తల్లోనే కనిపించే బస్తర్ సరిహద్దు పల్లెలో చలికాలం గడిచేది పొయ్యి పక్కన, కోళ్ల గంప చుట్టూ

కిష్టారం పేరు తెలుగు పత్రికల్లో ఎప్పుడు కనిపించినా దాని వెంట ఓ మృతుల సంఖ్య ఉంటుంది. 2018 మార్చి 13న కిష్టారం, పాలోడి మధ్య మావోయిస్టులు మందుపాతర పేల్చడంతో తొమ్మిది మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. 2021 డిసెంబర్ 27న ఇదే పోలీస్ స్టేషన్ పరిధిలోని సరిహద్దు అడవిలో జరిగిన ఎదురుకాల్పుల్లో ఆరుగురు మావోయిస్టులు మరణించారు. ఈ రెండు తేదీల మధ్య కూడా ఇక్కడ జనం బతికారు. డిసెంబర్ వచ్చినప్పుడల్లా నెగడు చుట్టూ చేరి చలి కాచుకున్నారు, పెట్టల కింద గుడ్లు పెట్టి పొదగేశారు. అది వార్త కాలేదు.

తెలంగాణ వైపు నుంచి వెళ్లేవారికి కిష్టారం దారి భద్రాచలం దాటాక మరాయిగూడెం, గొల్లపల్లి మీదుగా సాగుతుంది. ఊరు ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా, కుంట బ్లాకులో ఉంది. 2012 జనవరిలో సుక్మా ఏర్పడే దాకా ఇది దంతేవాడ జిల్లా. పాతతరం లెక్కలో అంతా బస్తరే. ఇక్కడ ఆఫీసు భాష హిందీ, ఇంటి భాష కోయ లేదా దోర్లి, సంతలో తెలుగూ నడుస్తుంది. కోడిని గోండి కుటుంబ భాషల్లో ‘కొర్’ అంటారు. ఆ మాటకూ మన ‘కోడి’కీ చుట్టరికం ఉందని చెప్పడానికి భాషా శాస్త్రవేత్త అవసరం లేదు.

బస్తర్ చలి అనగానే అందరికీ గుర్తొచ్చేది జగ్దల్‌పూర్. అది సముద్ర మట్టానికి దాదాపు 550 మీటర్ల ఎత్తున, పీఠభూమి మీద ఉంది. కిష్టారం అంత ఎత్తున లేదు. గోదావరి వైపు వాలిన పల్లపు అడవి ఇది. పగలు ఎండ బాగానే కాస్తుంది. కానీ ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల తన వేడిని త్వరగా వదిలేస్తుంది. వాగుల పక్క గూడేల్లో తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది. మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు పడిపోయి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు తగ్గితేనే వాతావరణ శాఖ చలిగాలులని ప్రకటిస్తుంది. ఆ లెక్కన 15 డిగ్రీల రాత్రి చలి కిందికే రాదు. అప్పుడే గుడ్డు పగిలి బయటికి వచ్చిన పిల్ల లెక్క వేరు. దానికి మొదటి వారం చుట్టూ 35 డిగ్రీల వేడి కావాలి.

పొయ్యి ఒకటే, కాచుకునేవాళ్లు ఇద్దరు

కోయల, దోర్లల పాత ఇల్లు చలికాలానికి బాగానే సరిపోతుంది. వెదురు తడికలకు మట్టి మెత్తిన గోడలు, పైన పెంకు, గడ్డి లేదా తాటాకు. పగటి ఎండను మట్టి గోడ పీల్చుకుని రాత్రికి నెమ్మదిగా వదులుతుంది. కప్పు సందుల్లోంచి పొగ, తేమ బయటికి పోతాయి. రాత్రంతా నెమ్మదిగా కాలే మొద్దు ఒకటి పొయ్యిలోనో, వాకిట్లో నెగడుగానో ఉంటుంది. దుప్పట్లు తక్కువైన ఇంట్లో నిప్పే దుప్పటి.

ఆ నిప్పులో కోళ్లకూ వాటా ఉంటుంది. పిల్లలకోడిని రాత్రికి గంప కింద కమ్మి, పొయ్యి ఉన్న గోడ వారగా పెడతారు. ఎదిగిన కోళ్లకు ఇంత గారాబం అక్కర్లేదు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఈకలు ఉబ్బించుకుని, ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని, దండెం మీద ఒకదానికొకటి ఆనుకుని కూర్చుంటే ఈ చలి వాటిని ఏమీ చేయదు. సాయంత్రం గూటికి చేరే ముందు గుప్పెడు గింజలు వేస్తే రాత్రంతా అరుగుతూ లోపలి నుంచి వేడినిస్తాయి. పైగా డిసెంబర్, జనవరి నూర్పిళ్ల కాలం. కళ్లంలో రాలిన వడ్లు కోళ్లకు దొరికేది అప్పుడే.

చలికి భయపడి చేసే పొరపాటు వేరే ఉంది. గూటికి నాలుగు వైపులా గోనెసంచులు, ప్లాస్టిక్ పట్టాలు బిగించేస్తే లోపల రెట్టల తేమ అమ్మోనియాగా మారుతుంది. తెల్లారేసరికి కోళ్ల కళ్లు, ముక్కులు కారతాయి. నిజానికి కోడిని చంపేది పొడి చలి కాదు, తడి. కోడి కూర్చునే ఎత్తులో గాలి కొట్టకుండా ఆపి, పైన సందు వదలాలి. కింద మూడు అంగుళాల మందాన వరి పొట్టు పరిచి, రెండు మూడు రోజులకోసారి తిరగేయాలి. పొయ్యిలోని బూడిద ఒక మూల పోస్తే కోళ్లు అందులో పొర్లి పేలు వదిలించుకుంటాయి. వీటిలో కొనాల్సింది ఏదీ లేదు.

తల్లి ఉంటే బల్బు అక్కర్లేదు

నాటు పెట్ట ఏడాదికి మూడు నాలుగు విడతలుగా గుడ్లు పెడుతుంది. అన్నీ కలిపినా 50, 60కి మించవు. కోళ్ల పరిశ్రమ దృష్టిలో ఇది దండగమారి కోడి. కానీ పది, పన్నెండు గుడ్ల మీద 21 రోజులు కూర్చుని పొదిగి, తర్వాత దాదాపు రెండు నెలలు పిల్లలను రెక్కల కింద దాచుకుని తిప్పే పని ఆ కోడే చేస్తుంది. ఇంక్యుబేటరు, బ్రూడరు, కాపలాదారు అన్నీ తనే. పిల్లలకు మేత కోసం చెదపుట్టలు తవ్వి, కుండలో పట్టిన చెదలు పోస్తారు. మాంసకృత్తులకు ఇంతకంటే చవకైన దాణా ఏ కంపెనీ తయారుచేయలేదు.

ఈ కోడి వంశం కూడా ఈ అడవికి కొత్త కాదు. సాల వృక్షాలు, అంటే గుగ్గిలం చెట్లు, దక్షిణాన దాదాపు బస్తర్‌తో ఆగిపోతాయి. పెంపుడు కోడికి మూలమైన ఎర్ర అడవికోడి హద్దు కూడా ఇంచుమించు గోదావరే. నది దాటి దక్షిణానికి వెళ్తే బూడిద అడవికోడి రాజ్యం. పెంపుడు కోళ్ల పసుపు చర్మం, పసుపు కాళ్లకు కారణమైన జన్యువు ఈ బూడిద అడవికోడి నుంచి వచ్చిందని శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. పందేలకు పేరుమోసిన అసీల్ జాతికి స్వస్థలాలుగా జాతీయ జన్యు వనరుల సంస్థ నమోదు చేసినవి ఆంధ్రప్రదేశ్, ఒడిశాలతో పాటు ఛత్తీస్‌గఢ్. బస్తర్ వారపు సంతల్లో కోడిపందెం ఓ తప్పనిసరి తంతు. సంక్రాంతి పందేలంటే గోదావరి జిల్లాలకే సొంతమనుకునే వారు ఆ సంతలను ఒకసారి చూడాలి.

పందెం కంటే పెద్ద లెక్క ఇంట్లో ఉంది. కొత్త గింజ తినాలన్నా, విత్తనం చల్లాలన్నా, జబ్బు నయమైతే మొక్కు తీర్చాలన్నా కోడి కావాలి. వేలుపు ముందు గింజలు చల్లి, కోడిపిల్ల వాటిని ముక్కుతో పొడిస్తే దేవత ఒప్పుకున్నట్టు. ఉప్పు, నూనె, మందుబిళ్ల కొనాల్సి వస్తే సంతకు వెళ్లేదీ కోడే. బ్యాంకు శాఖ లేని చోట అది పొదుపు ఖాతా. చలికి పది పిల్లల్లో ఆరు పోయాయంటే ఆ ఇంటికి వచ్చే వేసవి ఖర్చు పోయినట్టే.

హైదరాబాద్ పిల్ల, ఎల్‌ఈడీ వెలుగు

ప్రభుత్వాలకు ఈ సంగతి తెలియదని కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. అవి నాటు కోడి కంటే త్వరగా బరువెక్కుతాయి, రెండింతలకు పైగా గుడ్లు పెడతాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ల సంఖ్య 31.7 కోట్లు. 2012తో పోలిస్తే దాదాపు 46 శాతం ఎక్కువ. ఆ పెరుగుదలలో ఇలాంటి రకాల పంపిణీకీ వాటా ఉంది.

చిక్కు ఎక్కడంటే, ఈ మెరుగు రకాలకు పొదిగే గుణం పోయింది. తల్లి లేని పిల్లలు కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాలు కృత్రిమంగా వేడినివ్వాలి. 35 డిగ్రీలతో మొదలుపెట్టి వారానికి సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. అందుకే మదర్ యూనిట్లలో నాలుగు వారాలు పెంచి, ఆ తర్వాతే రైతులకు ఇవ్వాలన్నది నియమం. పిల్ల చిన్నదైతే చలికాలంలో ఇంట్లో బల్బు తప్పదు. పిల్లకు రెండు వాట్ల చొప్పున లెక్కగట్టమని పశువైద్యులు చెబుతారు. అది పాత తీగ బల్బుల నాటి లెక్క. ఇప్పుడు కరెంటు చేరిన చోటా, సౌర దీపాలు ఇచ్చిన చోటా వెలిగేది ఎల్‌ఈడీ. అది వెలుగునిస్తుంది, వేడినివ్వదు. దాని కింద పిల్లలు ఒకదాని మీద ఒకటి గుట్టగా పడితే చలి చాలట్లేదని కాదు, వేడి చాలట్లేదని అర్థం. దూరంగా జరిగి నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువైంది. చల్లిన గింజల్లా సమంగా పరుచుకుంటే సరిపోయింది. ఈ పనికి థర్మామీటరు అక్కర్లేదు.

తల్లి లేని పిల్లలున్న ఇంట్లో మట్టి కుండలో నిప్పులు వేసి, పైన చిల్లుల మూత పెట్టి, పిల్లలు కాలకుండా చుట్టూ తడిక కట్టి వేడినిచ్చే పద్ధతి ఒకటుంది. పొగ పోయాకే లోపల పెట్టాలి, తలుపు పూర్తిగా బిగించకూడదు. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువు పిల్లలనే కాదు, ఆ గదిలో పడుకున్న మనుషులనూ తీసుకుపోతుంది. రేకుల కప్పు, సిమెంటు గోడల ఇళ్లు వచ్చిన చోట ఈ జాగ్రత్త మరీ అవసరం. రేకు కింద రాత్రి చెమ్మ బొట్లుగా రాలుతుంది, పొగ పోయే సందు ఉండదు. 2016లో మొదలైన ఉజ్వల గ్యాస్ పొయ్యి ఆడవాళ్ల ఊపిరితిత్తులకు మేలే చేసింది. గంప పెట్టుకునే వెచ్చటి గోడ వారను మాత్రం లేకుండా చేసింది. గూడును ఇంటి నుంచి వేరు చేసి, తూర్పు ఎండ తగిలేలా, అడవిపిల్లి, ముంగిస అందుకోలేనంత ఎత్తులో గుంజల మీద కట్టుకోవడమే దీనికి విరుగుడు.

ఇల్లు కదిలితే కోడి లేదు

ఈ జాగ్రత్తలన్నీ ఒక షరతుకు లోబడి ఉన్నాయి. ఆ ఇల్లు అక్కడే ఉండాలి. గుడ్ల మీద 21 రోజులు, పిల్లలు తట్టుకునేందుకు ఆరు వారాలు. మొత్తం తొమ్మిది వారాలు పొయ్యి ఆరకూడదు, గంప కదలకూడదు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఈ ప్రాంతంలో తొమ్మిది వారాల నిశ్చింత చాలా ఇళ్లకు దక్కలేదు. నాటి దంతేవాడ జిల్లాలో ఖాళీ అయిన గ్రామాల సంఖ్యగా పదేపదే వినిపించింది 644. కొందరిని దోర్నపాల్, ఎర్రబోరు, కుంట శిబిరాలకు తరలించారు. అక్కడా భద్రత దొరకలేదు. 2006 జూలైలో ఎర్రబోరు శిబిరంపై మావోయిస్టులు దాడిచేసి 30 మందికి పైగా చంపారు. వేల కుటుంబాలు సరిహద్దు దాటి నాటి ఖమ్మం, గోదావరి జిల్లాల అడవుల్లోకి వచ్చాయి. తెలంగాణలో వారిని గుత్తికోయలంటారు. పోడు వివాదాల్లో గుడిసెలు కూలినప్పుడల్లా వాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

ఆనాటి హక్కుల సంఘాల నివేదికల్లో ఓ వాక్యం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఇళ్లు కాల్చారు, ధాన్యం తగలబెట్టారు, కోళ్లు, మేకలు ఎత్తుకుపోయారు. చదివేవారి చూపు మొదటి రెండింటి దగ్గర ఆగిపోతుంది. 2011 మార్చిలో మోర్‌పల్లి, తాడ్‌మెట్ల, తిమ్మాపురంలో ఇళ్లు తగలబడ్డ ఘటనపై ఆ ఏడాది జూలై 5న సుప్రీంకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. సల్వాజుడుంలో గిరిజన యువకులకు తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని అదే తీర్పులో తేల్చింది. పోయిన కోళ్లపై ఏ కోర్టూ లెక్క అడగలేదు. మేత మేస్తున్న గొడ్డును తోలుకుని పారిపోవచ్చు. గుడ్ల మీద కూర్చున్న పెట్టను తీసుకుపోలేరు.

టీకాకు చలి, పిల్లకు వేడి

ఇప్పుడు రోజులు మారాయి. రోడ్లు, వాటి వెంట క్యాంపులు వచ్చాయి. క్యాంపుల చుట్టుపక్కల ఊళ్లకు పథకాలు చేర్చేందుకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో ‘నియద్ నెల్లనార్’ మొదలుపెట్టింది. కోయ మాటల్లో మీ మంచి ఊరు అని అర్థం. పంపిణీ జాబితాల్లో కోడిపిల్లలు కూడా చేరడం సహజం. దంతేవాడలో కడక్‌నాథ్ పెంపకాన్ని ప్రోత్సహించడమే కాక, ఆ కోడికి భౌగోళిక గుర్తింపు తమకే రావాలని పోటీ కూడా పడ్డారు. 2018లో అది మధ్యప్రదేశ్‌లోని ఝాబువాకు దక్కింది.

కిష్టారం వంటి ఊరికి ముందు కావాల్సింది కొత్త జాతి కాదు, కొక్కెర తెగులు టీకా. చలి ఒక్కో పిల్లను తీసుకుపోతే, ఈ తెగులు వచ్చిన వారంలో గూడెం మొత్తం ఖాళీ అవుతుంది. ఏడో రోజున కంట్లో వేసే లసోటా చుక్క, నాలుగో వారంలో మరోసారి, రెండు నెలల వయసులో ఆర్2బి సూది. ఖర్చు స్వల్పమే. కానీ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. బుడ్డీలో వంద డోసులకు తగ్గవు, ఇంటికి ఉండేది పది కోళ్లు. కాబట్టి ఊరంతా ఒకే రోజు, కోళ్లు గంపల కింద ఉన్నప్పుడే, తెల్లవారకముందే వేయాలి. ఫ్రిజ్ లేని ఊళ్ల కోసం ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తయారుచేసిన, వేడిని తట్టుకునే ఐ-2 టీకా ఆఫ్రికా పల్లెల్లో ఎప్పటి నుంచో వాడుకలో ఉంది.

పిల్లకు 35 డిగ్రీలు, టీకాకు 8 లోపు. మొదటిది ఏర్పాటు చేయడం ఇక్కడి ఆడవాళ్లకు తరతరాలుగా వచ్చు. రెండోది వాళ్ల చేతుల్లో లేదు, అది ప్రభుత్వం పని. మరాయిగూడెం దారిలో ఇప్పటిదాకా ప్రభుత్వం ఎక్కువగా తుపాకీ పట్టుకునే వచ్చింది. ఐసుపెట్టె పట్టుకుని, ఏ నెల ఏ రోజున వస్తానందో ఆ రోజునే రావడం మొదలుపెడితే, ఆ మార్పును అందరికంటే ముందు గుర్తించేది గంప కింద పిల్లలను లెక్కపెట్టుకునే ఇల్లాలే.